తొమ్మిదిన్నర ఓల్టులు

తొంభై ఐదో మోడలు కమాండర్ జీపు.
నా చేతికి రాకముందు ఏదో గనికి తిరిగిందంట,
సీటు కింద పట్టా దులిపితే
ఇప్పటికీ కాకిబంగారం రాలుద్ది.

నేను నిమ్మకాయలు తోలతా.
సైదాపురం తోటల్లో నింపుకోని
కోడి కూయకముందే పొదలకూరు మార్కెట్టుకి.
దాని లైట్లు కూడా నిమ్మపండు రంగే.
గుంటలో దిగినాక
ఇది గుంట అని చెప్పేవి.

మొన్న కలిచేడు మలుపులో
నల్లబర్రె రోడ్డు మీద పడుకోనుంటే
చీకట్లో ఇంకాస్త చీకటి అనుకున్నా.
జానెడు దూరంలో ఆగింది బంపరు.
అది లేవలా, నెమరు ఆపలా.
నాకే, దిగి చూస్తే, మోకాళ్ళు నిలవలా.

రెండు కోతల డబ్బు జేబులో పెట్టుకోని
ఖాజావలి షెడ్డుకి పోయినా.
"ఆ తెల్లవి పెట్టెయ్ భాయ్, ఎల్‌ఈడీలు,
కొత్త థార్‌లకి ఉంటాయే, కళ్ళు పోయేటట్టు, అట్టాంటివి."

ఖాజావలి పలకలేదు.
మీటరు తీసి ఎర్రముల్లు బ్యాటరీ మీద ఆనించాడు:
పన్నెండున్నర.
బల్బు వెనకాల ఆనించాడు:
తొమ్మిదిన్నర.

"మూడు ఓల్టులు దారిలోనే పొయినాయి.
బల్బుదేం పాపం?
సన్న తీగ, ముప్పయ్యేళ్ళది.
డ్యాష్‌బోర్డు దాకా పోవాల, స్విచ్చిలో దూరాల,
డిప్పరు కాడ కాస్త వేడై ఆవిరవ్వాల,
మళ్ళా ముందుకు రావాల,
చిలుమెక్కిన ఎర్తు కాడ కారిపోంగా మిగిలింది వెలగాల.
కాలవ నీళ్ళయినా అంతే గదా."

మా నాయనది చివరాయకట్టు.
నాకు ఆ లెక్క ఇంకొకరు చెప్పబళ్ళేదు.

బోనెట్టెత్తి పాత తీగెలు పీకతా ఉంటే
ఫ్యూజుల వెనక దొరికింది,
అరచెయ్యంత అభ్రకం పలక.
ఎప్పటి మెకానిక్కో, ఎవడో,
కరెంటు ఇనుముకి తగలకుండా అడ్డం పెట్టినాడు.
చుట్టూ రబ్బరంతా పొడైపోయింది.
అది మాత్రం నిన్న గనిలో లేచినట్టుంది.
ఖాజావలి చొక్కా అంచుతో తుడిచి,
వెలుతురుకి పట్టి చూసి,
మళ్ళా అక్కడే పెట్టేశాడు.

రెండు రిలేలు. బ్యాటరీ నుంచి నేరుగా లావు తీగ.
గీకి తెల్లగా చేసిన ఎర్తు.
కొత్త అద్దాలు. బల్బులు మాత్రం మామూలు హాలోజన్‌వే.
"స్విచ్చి ఇంక బరువు మొయ్యదు," అన్నాడు,
"మాట చెబుద్ది, అంతే."

చీకటి పడినాక
మూసేసిన అభ్రకం గోడౌను గోడకి
పాతికడుగుల దూరంలో జీపు నిలబెట్టి
సుద్దముక్కతో గీత గీశాడు.
"ఇంకాస్త పైకి," అన్నాన్నేను.
స్క్రూ కిందికే తిప్పాడు.
"ఎదర వచ్చేవోడు కూడా ఇంటికి పోబళ్ళా."

తెల్లారగట్ల మూడు.
నేను తిరిగే దారేనా ఇది?
మట్టిలో పాత గని తుక్కు
అడుగడుక్కీ మిణుక్కుమంటా ఉంది.
తూము గోడకి నిలువునా బీట,
ఇన్నాళ్ళూ దాని మీదనే పోతున్నా.
కుందేలు ఒకటి జామాయిల్ మొదట్లో
కూర్చుందల్లా రాయైపోయింది.

ఇంకొంచెం ముందర,
రోడ్డు వారన వరసగా ఆరుగురు ఆడోళ్ళు,
భుజాన గోతాలు, కాయ కోతకి పోతా.
అందరూ ఒక్కసారి చేతులు కళ్ళకడ్డం పెట్టారు.

ఆపినా.
ముందరున్నామె పెంచలమ్మ, మా పక్క వీధే.
"రోజూ ఈ టయానికే పోతారా?" అడిగినా.
"నువ్వు జీపు కొన్నప్పట్నించీ."
"నాకు ఎప్పుడూ అవపళ్ళేదే!"
"నీకు అవపడమని మాకు తెలుసులే.
నీ సైలెన్సరు మోత యింటానే
కంపలోకి దిగేవోళ్ళం."

ఇంజను ఆడతా ఉంది.
ఏం చెప్పాలో తోచక, వెనక తలుపు గొళ్ళెం తీసి
ఎక్కమన్నా.

"ఎక్కుతాంలే నాయనా.
ముందు ఆ లైటు దించు."

డిప్పరు నొక్కినా.
బోనెట్టు కింద
రిలే టిక్కుమంది.